విదేశీ ఆయుధాలా, విదేశీ రాజకీయ అండా?

బలమైన ప్రత్యర్థిని ఎదుర్కొనే చిన్న రాజ్యానికి ఈ రెండింటిలో ఏది మేలు? ఉక్రెయిన్ వార్తలు వచ్చినప్పుడల్లా నల్లగొండ గ్రంథాలయంలో పోటీ పరీక్షల అభ్యర్థులు వాదించుకునే ప్రశ్న ఇది. తూచి చూడడానికి ఈ జిల్లా చరిత్రే చాలు.

ఖర్చు: ఆయుధాలతో పాటు మందుగుండు, విడిభాగాలు, శిక్షణ కూడా నిరంతరం అందుతుండాలి. రాజకీయ అండకు సొమ్ము తక్కువే గాని షరతులు ఎక్కువ.

శ్రమ: 1948లో సముద్రతీరం లేని హైదరాబాద్ సంస్థానానికి ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి విమానాల్లో దొంగచాటుగా ఆయుధాలు చేరవేశాడు. అయినా సెప్టెంబర్ 13న భారత సైన్యం ప్రవేశించి, తూర్పున కోదాడ, సూర్యాపేటల మీదుగా సాగుతుంటే అవి అక్కరకు రాలేదు. ఇక రాజకీయ అండ కోసం సంస్థానం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి చేసిన ఫిర్యాదు 16న చర్చకు వచ్చింది. మరునాడే నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. నా దృష్టిలో ఇక్కడ ఆయుధాల కొరత కంటే, సంస్థానం కోసం యుద్ధానికి దిగే మిత్రదేశం లేకపోవడమే నిర్ణాయకం.

ముప్పు: ఆయుధ సాయం దాత దేశపు రాజకీయాలకు తాకట్టు పడుతుంది. అమెరికా ప్రతినిధుల సభలో నెలల తరబడి ఆగిన సుమారు 6,100 కోట్ల డాలర్ల ఉక్రెయిన్ ప్యాకేజీ 2024 ఏప్రిల్‌లో గాని గట్టెక్కలేదు. ఈలోగా ఉక్రెయిన్ పట్టణం అవ్దీవ్కా రష్యా చేతికి చిక్కింది.

సరిహద్దు అవతల మిత్రదేశం, పోరాడే సైన్యం రెండూ ఉన్నవారికి ఆయుధాలు మేలు. చుట్టూ ప్రత్యర్థి భూభాగమే ఉండి, బలం తక్కువైనవారు యుద్ధానికి ముందే రాజకీయ ఒప్పందం చూసుకోవడం మేలు.