కుంకుడా, శీకాయా? షాంపూ మానేస్తే తలకి ఏది మేలు

షాంపూ మానేద్దామనుకున్న ప్రతి ఒక్కరూ మొదట అడిగేది ఇదే. నన్నడిగితే దానికంటే ముందు ఇంకోటి తేల్చుకోవాలి: మీరు తలకి నూనె పెడతారా, పెట్టరా? నూనె బాగా పట్టించి ఆదివారం తలంటుకునేవాళ్ళకి కుంకుడు. నూనె జోలికి పోకుండా వారానికి రెండుసార్లు చెమటా దుమ్మూ వదిలించుకుంటే చాలనుకునేవాళ్ళకి శీకాయ. నేను చెప్పేది ఇంతే, ఎందుకో తెలియాలంటే కింద చదవండి.

రెండిట్లోనూ మురికి వదిలించేవి సాపోనిన్లు అనే నురగ పదార్థాలే. వాటి అణువులో ఒక కొస నీటికి అంటుకుంటుంది, ఇంకో కొస నూనెకి అంటుకుంటుంది, చెంబుడు నీళ్ళు పోయగానే అన్నీ కలిసి జారిపోతాయి. షాంపూలో సల్ఫేట్లు చేసే పని కూడా ఇదే, కాకపోతే అవి ఇంకా గట్టిగా చేస్తాయి. కుంకుడు తొక్కలో ఈ సరుకు దండిగా ఉంటుంది కాబట్టి ఆముదం లాంటి మొండి జిడ్డుని కూడా రెండు విడతల్లో దించేస్తుంది. శీకాయ నురగ పలచన, అది కూడా కాసేపే ఉంటుంది. నూనె కారుతున్న తలకి శీకాయ పెట్టి, వదల్లేదని మళ్ళీ పెట్టి, చివరికి షాంపూ ప్యాకెట్ చింపినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. అదే నూనె లేని తలకి కుంకుడు పెట్టి చూడండి, ఆరాక జుట్టు ఎండుగడ్డిలా చేతికి తగులుతుంది. తలలో సహజంగా ఉండే కాస్త జిడ్డునీ అది ఉంచదు మరి.

కుంకుడు రసం తీయడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే సగం మంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. కాయని బండ మీద పెట్టి ఒక్క దెబ్బ వేస్తే తొక్క పగిలి నల్లటి గుండ్రటి గింజ బయటికి దూకుతుంది, దాన్ని పారేయండి, దానికి నురగ రాదు. భుజాల దాకా జుట్టయితే 8 నుంచి 10 కాయలు, నడుము దాకా జడ అయితే 15 దాకా పడతాయి. తొక్కల్ని రాత్రే నీళ్ళలో వేసి ఉంచినా సరే, పొద్దున బాగా కాగిన నీళ్ళు పోసి అరగంట ఆగినా సరే. తర్వాత చేత్తో గట్టిగా పిసికితే తేనెరంగులో జిగట రసం దిగి, వేళ్ళ సందుల్లోంచి తెల్లటి నురగ పొంగుతుంది. పాత నూలుగుడ్డలో తప్పనిసరిగా వడకట్టండి, లేకపోతే తొక్క ముక్కలు జుట్టులో ఇరుక్కుని ఆరాక దువ్వెనకి తగులుతూనే ఉంటాయి.

కుంకుడుకి ఉన్న అసలు లోపం కళ్ళ మంట, అది మామూలు మంట కాదు. నోట్లో ఉప్పుకల్లు వేసుకుంటే మండదని ఇళ్ళల్లో చెప్తారు. ఉప్పు సంగతేమో గానీ, ఆ కల్లు చప్పరిస్తూ పిల్లలు నోరూ కళ్ళూ మూసుకుని కదలకుండా కూర్చుంటారు చూడండి, సగం మంట అక్కడే తప్పుతుంది. మరీ చిన్నపిల్లలకి ఈ గొడవంతా ఎందుకు, పెసరపిండి చాలు. పెద్దవాళ్ళ నూనె తలకి మాత్రం పెసరపిండి ఆనదు, పైగా తలలో పిండి మిగిలిపోతుంది.

శీకాయ సుఖం వేరు. అది కాస్త ఆమ్లగుణం ఉన్న కాయ, జుట్టుకీ అదే కావాలి. పీహెచ్ అంటే ఆమ్లగుణాన్ని కొలిచే అంకె, 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లగుణం ఎక్కువ. తల చర్మం పీహెచ్ 5.5 దగ్గర, వెంట్రుకది ఇంకా తక్కువ ఉంటుంది కాబట్టి శీకాయతో రుద్దినప్పుడు వెంట్రుక పైపొర రేగదు, చిక్కులు తక్కువ పడతాయి. గంజిలో కలిపి పెడితే ఇంకా మెత్తగా ఉంటుంది. దీని చిక్కంతా పొడితోనే. ఎంత మెత్తగా పట్టించినా కాస్త నలుసు మిగులుతుంది, ఆరాక రాలుతుంటే చుండ్రు అనుకుని కంగారు పడతారు. అందుకే నేను పొడి కంటే కాయల్ని మరిగించి ఆ నీళ్ళు వాడమంటాను. పొడే కావాలంటే పిండిమరలో కారం పట్టిన వెంటనే మాత్రం పట్టించకండి, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

రెండూ కలిపి, నాలుగు ఎండు ఉసిరిముక్కలూ గుప్పెడు మెంతులూ వేసి మరిగించే ఇళ్ళు కూడా ఉన్నాయి, బాగానే ఉంటుంది. మందారాకుల జిగురు జుట్టుని మెత్తబరుస్తుందే తప్ప పెద్దగా కడగదు, తలంటు అయ్యాక పట్టించి కడుక్కోవడానికి బాగుంటుంది.

ఇక వంటసోడా, తర్వాత వెనిగర్ అని వీడియోల్లో చూపిస్తున్న పద్ధతి నాకు అస్సలు నచ్చదు. సోడా నీళ్ళ పీహెచ్ 8 దాటుతుంది, దాంతో వెంట్రుక పైపొర లేస్తుంది, దాన్ని మళ్ళీ అణచడానికి వెనిగర్. ముందు చెడగొట్టి తర్వాత బాగుచేసుకోవడం దేనికి? సబ్బు కూడా వద్దు, ముఖ్యంగా బోరు నీళ్ళున్నచోట. ఆ నీళ్ళలోని కాల్షియంతో సబ్బు కలిసి తెల్లటి జిడ్డు తెట్టు కడుతుంది, బకెట్ అంచుకి పట్టేది అదే, జుట్టుకి పట్టేదీ అదే. కుంకుడు, శీకాయ సాపోనిన్లు అలా తెట్టు కట్టవు. హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంట్ బోరు మీద బతికేవాళ్ళకి ఇది చిన్న లాభమేం కాదు.

మొదటి రెండు మూడు తలంట్లకి జుట్టు గరుగ్గా అనిపిస్తుంది. కండిషనర్లోని సిలికాన్ పూత పోయి మీ అసలు జుట్టు చేతికి తగులుతోంది, అంతే, టెన్షన్ పడకండి. పట్టుచీరలు ఉతికేదీ కుంకుడు రసంతోనే కదా, పట్టూ వెంట్రుకా రెండూ ప్రొటీన్ పోగులే. చుండ్రు బాగా ఉంటే మాత్రం ఈ రెండిటినీ నమ్ముకుని కూర్చోవద్దు. దాంట్లో మలసేజియా అనే ఫంగస్ పాత్ర ఉంటుంది, కీటోకొనజోల్ ఉన్న షాంపూ దాని మీద పనిచేసినట్టు కుంకుడు పనిచేయదు. అలాంటప్పుడు డాక్టర్ చెప్పినన్నాళ్ళు అదే వాడుకోండి.

కొనేటప్పుడు సీసా ముందువైపు బొమ్మ కాదు, వెనక ఉన్న అక్షరాలు చదవండి. పైన కుంకుడుకాయ బొమ్మ ఉండి, పదార్థాల వరసలో నీళ్ళ తర్వాత సోడియం లారెత్ సల్ఫేట్ అని ఉంటే అది షాంపూనే. విశాఖ కేంద్రంగా 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ ఏజెన్సీ గిరిజనుల దగ్గర శీకాయ, కుంకుడు కొంటుంది, వాళ్ళ దుకాణం దగ్గర్లో ఉంటే చూడండి. ఎక్కడ కొన్నా వీలైతే పొడి కాకుండా కాయలే తీసుకోండి, పొడిలో ఏం కలిపారో కనిపెట్టలేం. కాయలు ఎండబెట్టి డబ్బాలో పోస్తే నెలల తరబడి ఉంటాయి గానీ, తీసిన రసం బయట పెడితే ఒకట్రెండు రోజుల్లో పులిసి వాసనొస్తుంది. మిగిలితే అదే రోజు వెండి పట్టీలు అందులో నానేయండి.