ప్లేటింగ్ షెడ్డు కింద క్రోమియం నీళ్లు: భూగర్భజల శుద్ధి సర్వీసుపై రివ్యూ

వరంగల్ శివారులో మూతపడ్డ ఒక ప్లేటింగ్ (లోహపు వస్తువులకు క్రోమియం పూత వేసే) షెడ్డు, దాని కింద క్రోమియం కలిసిన భూగర్భజలం. చుట్టూ పరీక్ష బావులు వేయడం, మూణ్నెల్లకోసారి శాంపిళ్లు తీయడం, చెడిన నీటిని తోడి శుద్ధి చేయడం, ఈ మూడు పనులనూ ఒకే కాంట్రాక్టు కింద తీసుకున్న కంపెనీ సర్వీసు మీద ఈ రివ్యూ. బావులు వేయడంలో వీళ్లకు వంక పెట్టడానికి లేదు. శాంపిళ్ల పని వర్షాకాలంలో బాగుంటుంది, ఎండాకాలంలో చెడుతుంది. రిపోర్టులు మాత్రం నమ్మి సంతకం పెట్టేలా లేవు.

కొటేషన్ రాగానే యజమానులు ముందు శుద్ధి ప్లాంటు ధర చూస్తారు. చూడాల్సింది బావుల పేజీ. మన దగ్గర పైన ఎర్రమట్టి, కింద మొరం, దాని కింద మెత్తబడ్డ బండ, అడుగున పగుళ్లున్న గట్టి గ్రానైటు. మామూలు బోరు బండి ఆరున్నర ఇంచుల బోరు వేసి, మొరం దాకా కేసింగ్ దించి, కింది బండను అలాగే వదిలేస్తుంది. పొలానికి అది చాలు. పరీక్ష బావికి అదే పద్ధతి పెడితే పై పొరలోని క్రోమియం నీళ్లు కేసింగ్ పక్కనుంచి జారి కింది పగుళ్లలోకి దిగుతాయి. కాలుష్యాన్ని కొలవడానికి వేసిన బోరే దాన్ని లోతుకు తీసుకుపోతుంది.

ఈ కంపెనీ ఆ పొరపాటు చేయలేదు. రెండించుల యూపీవీసీ పైపు, ఊట పొర ఎదురుగా స్లాట్లు, చుట్టూ కడిగిన గులక ఇసుక, దాని మీద రెండడుగుల మందాన బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే బంకమన్ను) గోళీలు. నీళ్లు పోసి వాటిని ఉబ్బనిచ్చాకే పైన సిమెంటు గ్రౌటు పోశారు. పైపు సన్నదైతే దాని చుట్టూ దాదాపు రెండించుల ఖాళీ ఉంటుంది. నాలుగించుల పైపు దించితే ఒక్క ఇంచే మిగిలి గోళీలు మధ్యలోనే ఇరుక్కుంటాయి, సీలు పడదు. ఇనుప కేసింగ్ వద్దనడం కూడా సరైన మాటే. ఇనుము తగిలితే హెక్సావలెంట్ క్రోమియం (నీళ్లలో కరిగి పారే విషపు రూపం) ట్రైవలెంట్‌గా (విషం తక్కువ, అంతగా కరగని రూపం) మారిపోతుంది. నేలలో విషం ఉన్నా బావి నీళ్లలో తక్కువే కనబడుతుంది.

నీటిమట్టం కొలతలోనూ శ్రద్ధ ఉంది. ప్రతి పైపు అంచు మీద ఒక గీత పెట్టి, సర్వే లెవెల్‌తో దాని ఎత్తు తీసి, టేపును ఎప్పుడూ ఆ గీత నుంచే దించుతారు. మనలాంటి చదును నేలలో బావికీ బావికీ మట్టం తేడా కొన్ని సెంటీమీటర్లే ఉండొచ్చు. ఈసారి గీత నుంచి, వచ్చేసారి నేల నుంచి కొలిస్తే మ్యాపులో నీటి దిశే తిరగబడుతుంది.

శాంపిలింగ్‌కు తక్కువ వేగపు పద్ధతి వాడతారు. నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల లోపు తోడుతూ, మట్టం 10 సెంటీమీటర్లకు మించి పడకుండా చూస్తూ, మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి మీటరు రీడింగు రాస్తారు. వరుసగా మూడు రీడింగులలో పీహెచ్ 0.1 లోపు, కండక్టివిటీ (కరిగిన లవణాలను బట్టి మారే కొలత) 3 శాతం లోపు నిలిచాకే సీసాలో నీళ్లు పడతారు. పాత పద్ధతిలో పైపులోని నీటికి మూడింతలు తోడిపోయాలి. నాలుగించుల పైపులో 10 మీటర్ల నీళ్లుంటే అది దాదాపు 235 లీటర్లు. ఆ నీళ్లన్నీ క్రోమియంవే, వాటిని పారబోయడానికి ఎక్కడా చోటుండదు.

ఇబ్బంది మే నెలలో మొదలవుతుంది. వీళ్లు తెచ్చే పెరిస్టాల్టిక్ పంపు పైనుంచి పీల్చేది, 25 అడుగుల లోతు దాటితే నీళ్లు అందవు. ఎండల్లో మట్టం ఆ లోతు దాటగానే సిబ్బంది పంపు పక్కన పెట్టి తాడు కట్టిన బెయిలర్ (నీళ్లు తోడే సన్నని గొట్టం) దించుతారు. అది అడుగు తాకి మడ్డి లేపుతుంది. ఆ బురద నీళ్లను 0.45 మైక్రాన్ ఫిల్టర్ పట్టకుండా నైట్రిక్ యాసిడ్ సీసాలో పోస్తే మట్టిని అంటుకున్న క్రోమియం కూడా కరిగి లెక్కలో కలుస్తుంది. పెరిగింది కాలుష్యమా, మడ్డా? ఆ రిపోర్టు చూసి ఎవరూ చెప్పలేరు. లోతుకు దించే బ్లాడర్ పంపు తెమ్మని కాంట్రాక్టులోనే రాయించుకోవాలి.

సీసాలు రెండు వేరుగా ఉండాలి. మొత్తం క్రోమియం సీసాలో యాసిడ్ వేయాలి. హెక్సావలెంట్ సీసాలో వేయకూడదు, వేస్తే దారిలోనే ట్రైవలెంట్‌గా మారే ప్రమాదం ఉంది. దాన్ని ఐసు పెట్టెలో పెట్టి 24 గంటల్లో పరీక్ష చేయించాలి. పొద్దున తీసిన శాంపిల్ సాయంత్రానికి హైదరాబాద్ ల్యాబుకు చేరకపోతే ఇక ఆ అంకెను నమ్మలేం. ఈ విషయంలో కంపెనీ క్రమశిక్షణ మెచ్చదగ్గది: తీసిన సమయం, చేరిన సమయం, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లింది, అన్నీ కాగితం మీద ఉన్నాయి.

శుద్ధి ప్లాంటు గురించి చెప్పేది కొంచెమే. ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, పీహెచ్ 8 దాటించి, మడ్డి దించి, ఇసుక ఫిల్టర్ నుంచి వదులుతారు. లెక్క ప్రకారం ఒక గ్రాము హెక్సావలెంట్ క్రోమియానికి 16 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ కావాలి, ఎండాక 8 గ్రాముల దాకా మడ్డి మిగులుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే అదీ ఇనుమును తినేస్తుంది కాబట్టి తొట్టిలోకి ఎత్తు నుంచి నీళ్లు పడనీయకూడదు. ఇక్కడ అలాగే పడుతున్నాయి. డ్రమ్ములో ద్రావణం గోధుమ రంగుకు తిరిగిందంటే బలం పోయినట్టే, ఆపరేటరు దాన్నే వాడేస్తున్నాడు. మడ్డిని మాత్రం ఫారం 10 మ్యానిఫెస్టుతో (ప్రమాదకర వ్యర్థాల రవాణా పత్రం), 90 రోజుల గడువులోపు దుండిగల్ టీఎస్‌డీఎఫ్‌కు (ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే కేంద్రం) పంపుతున్నారు.

అసలు తప్పు రిపోర్టులో ఉంది. బావుల ఫలితాలను లీటరుకు 2 మిల్లీగ్రాముల మొత్తం క్రోమియంతో పోల్చి ‘పరిమితి లోపే’ అని రాశారు. అది ఫ్యాక్టరీ బయటికి వదిలే వ్యర్థజలాల ప్రమాణం. పక్కనే ఇళ్ల బోర్లున్న చోట చూడాల్సింది ఐఎస్ 10500:2012 తాగునీటి పరిమితి, 0.05 మిల్లీగ్రాములు. రెండింటికీ 40 రెట్ల తేడా. ఆ ఇళ్లవాళ్లకు ఫలితాలు చెప్పే ఏర్పాటు కూడా కాంట్రాక్టులో లేదు. చెప్పకపోతే వాళ్లు నీళ్లు కాచుకుని తాగుతారు. కాస్తే క్రోమియం పోదు, ఆవిరైన మేరకు చిక్కబడుతుంది. మాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే.

ఇక ‘శుద్ధి పూర్తయింది’ అన్న మాట. పంపు నడిచినంత కాలం అంకెలు దిగుతాయి. ఆపాక మెత్తబండలో ఇంకిన క్రోమియం మెల్లగా మళ్లీ నీళ్లలోకి వస్తుంది. వానలకు మట్టం లేచి, పొడిగా ఉన్న పై పొరను తడిపినప్పుడు ఒక్కసారిగా ఎగబాకడమూ ఉంది. దగ్గర్లో ఎస్సారెస్పీ కాకతీయ కాలువ పారుతుంటే వాన లేకపోయినా మట్టం లేస్తుంది. కంపెనీ ఒకే ఒక్క ఎండాకాలపు శాంపిల్ చూపించి పని ముగిసిందంటోంది. పంపు ఆపి జనవరి, మే, ఆగస్టు, నవంబరు నాలుగు శాంపిళ్లూ 0.05 లోపు వచ్చేదాకా చివరి బిల్లు ఆపే షరతు పెట్టుకునేవాళ్లకే ఈ సర్వీసు తీసుకోమని చెబుతాం. షరతుకు వాళ్లు ఒప్పుకోకపోతే బావుల పని వరకు వీళ్లకిచ్చి, శాంపిళ్లూ రిపోర్టూ శుద్ధితో సంబంధం లేని ఇంకో సంస్థకు ఇవ్వండి.