మాఘమాసం పెళ్లి, నంది కొండ కింద ద్రాక్షకోత: బెంగళూరు హనీమూన్‌కి తిండి, వైన్ లెక్కలు

మాఘంలోనో ఫాల్గుణంలోనో పెళ్లయినవాళ్లకి ఒక లాభం ఉంది. బెంగళూరు పక్కన నంది కొండల కింద వైన్ ద్రాక్ష కోతకొచ్చేదీ అప్పుడే, ఇంచుమించు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. శ్రావణం ముహూర్తానికి పెళ్లయి ఆగస్టులో వెళ్తే తోట పచ్చగా కనిపిస్తుంది గానీ తీగకి గుత్తి ఉండదు. ఇక్కడి చలి తీగని నిద్రపుచ్చేంతది కాదు. అందుకని ఆ పని కత్తెరతో చేయిస్తారు: కోతయ్యాక ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబరు-అక్టోబరులో రెండోసారి. కాపు ఈ రెండో కత్తిరింపు మీదే తీసుకుంటారు, ఎందుకంటే వానల్లో కాయ పడితే బూజు పట్టి కుళ్లుతుంది. ఆగస్టులోనూ ట్యాంకులు, పీపాలు చూపిస్తారు, వైన్ పోస్తారు. కోత రోజుల్లో ఆవరణంతా కమ్ముకునే పులిసిన రసం వాసన మాత్రం ఉండదు. తోట చూడటమే మీకు ముఖ్యమైతే శ్రావణం జంట ఫిబ్రవరి దాకా ఆగడమే మేలు.

ముందుగా దిక్కులు చూసుకోండి, ఎక్కువమంది ప్లాను తప్పేది ఇక్కడే. బెంగళూరు నుంచి తేలిగ్గా వెళ్లిరాగల వైనరీలు ప్రధానంగా రెండు. గ్రోవర్ జంపా ఉత్తరాన, దేవనహళ్లి - దొడ్డబళ్లాపుర రోడ్డులో రఘునాథపుర దగ్గర. డొమైన్ సులా నైరుతిన, మైసూరు దారిలో చన్నపట్న దగ్గర. మధ్యలో ఊరంతా ఉంది. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఒకదాని నుంచి ఇంకోదానికే వంద కిలోమీటర్లు పైగా ప్రయాణం, అందులో సగం ట్రాఫిక్. రెండో చోటికి చేరేసరికి నాలుక మొద్దుబారి ఉంటుంది, డ్రైవరు మొహం మాడి ఉంటుంది. రోజుకి ఒక వైనరీయే. ఒక్కటే చూసే తీరిక ఉంటే గ్రోవర్‌కే వెళ్లండి.

కారణం ఎయిర్‌పోర్టు. విమానాశ్రయం దేవనహళ్లిలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచి గ్రోవర్ పాతిక కిలోమీటర్ల లోపే. ఎం.జి. రోడ్డు నుంచైతే 45 కిలోమీటర్ల దాకా, గంటన్నర ప్రయాణం. ఉదయం విమానంలో దిగినవాళ్లు ఊళ్లోకి వెళ్లకుండా నేరుగా ఉత్తరం వైపే ఒకటి రెండు రాత్రులు ఉండి, తర్వాత ఊళ్లోకి మారితే ఒక పూట మిగులుతుంది. ఊళ్లోనే దిగినవాళ్లు క్యాబ్ ప్యాకేజీ విషయంలో జాగ్రత్త: '8 గంటలు, 80 కిలోమీటర్లు' ప్యాకేజీ రానూపోనూ దూరానికే చాలదు. పై కిలోమీటర్లకి, పై గంటలకి విడివిడిగా వేస్తారు. 12 గంటలు, 120 కిలోమీటర్లది తీసుకోండి. అవుట్‌స్టేషన్ రేటు అంటే రోజుకి 250 - 300 కిలోమీటర్ల కనీస చార్జీ, పైన డ్రైవరు బత్తా. ఇంత దగ్గరికి అది దండగ.

సొంత కారు నడుపుకుంటూ వెళ్లే ఆలోచన మానుకోండి. టేస్టింగ్‌లో ఒక్కో రకం 40 మిల్లీలీటర్లు అనుకుంటే అయిదు రకాలకి 200 మిల్లీలీటర్లు. 13 శాతం లెక్కన అందులో ఆల్కహాల్ సుమారు 20 గ్రాములు. చట్టం ఒప్పుకునేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల వరకే. 70 కిలోల మనిషి కూడా ఆ గీత దాటేయొచ్చు. మొదటిసారి పట్టుబడితేనే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కొత్త అల్లుడు మామగారికి ఫోన్ చేసి చెప్పదగ్గ సంగతి కాదు.

గ్రోవర్ 1988లో కన్వల్ గ్రోవర్ మొదలుపెట్టింది. ఫ్రెంచి రకాలు ఇక్కడి నేలలో నిలబడతాయని చూపించిన తొలి తోటల్లో ఒకటి. 2012లో నాసిక్ వైపు కంపెనీతో కలిశాక పేరు గ్రోవర్ జంపా అయింది. నడక, టేస్టింగ్ కలిపి టికెట్టు ఉంటుంది, ముందే బుక్ చేసుకోవాలి. బుక్ చేసేటప్పుడు మూడు అడగండి: ఎన్ని రకాలు పోస్తారు, అందులో రిజర్వ్ రకం (వైనరీ తన మేలురకంగా వేరుచేసేది) ఉందా, భోజనం కలిపా విడిగానా. శని, ఆదివారాల్లో ఆఫీసు గుంపులు దిగుతాయి. పాతికమంది వెనక నిలబడితే గైడు మాట వినపడదు. మంగళ, బుధవారాల్లో ఇద్దరే వెళ్తే అడిగిన ప్రశ్నకల్లా జవాబు వస్తుంది. గాంధీ జయంతి నాడు, పోలింగుకి ముందు 48 గంటలు మందు అమ్మకం బంద్. గుర్తింపు కార్డు ఇద్దరి దగ్గరా ఉండాలి. 21 నిండకపోతే గ్లాసు ఇవ్వరు.

లోపల చూడాల్సింది పీపాల గది. ఒక్కో ఓక్ పీపా 225 లీటర్లు, అంటే 300 సీసాలు. స్టీలు ట్యాంకుల దగ్గర తెల్ల వైన్‌కీ ఎర్ర వైన్‌కీ తేడా ఎక్కడ పుడుతుందో అడగండి. తెల్లదానికి రసం పిండి తొక్కు తీసేసి చల్లగా, 12 - 16 డిగ్రీల్లో పులియబెడతారు. ఎర్రదాన్ని తొక్కుతో సహా 25 - 28 డిగ్రీల్లో. రంగూ వగరూ ఆ తొక్కలోవే. తోటలో గుత్తి చూపిస్తే ఒక కాయ నోట్లో వేసుకోండి (అడిగి మరీ). చిన్న కాయ, మందం తొక్క, లోపల గింజలు, తీపి మాత్రం బండి మీద అమ్మే ద్రాక్షకంటే ఎక్కువ. ఆ చుట్టుపక్కల రైతుల తోటల్లో కనిపించే నల్ల ద్రాక్ష చాలావరకు బెంగళూరు బ్లూ, 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చిన రకం. జ్యూసుకీ చవక తీపి వైన్‌కీ అది వెళ్తుంది. చిక్కబళ్లాపుర వైపు రైతులతో కన్నడం రాదని మొహమాటపడక్కర్లేదు. ఆ జిల్లాలో సగం మాటలు తెలుగే, కాకపోతే యాస వేరు.

టేస్టింగ్ బల్ల దగ్గర కొత్త జంటలకి మాత్రమే వచ్చే ఇబ్బంది ఒకటుంది: వాసనలు. జడలో మల్లెదండ, చేతుల మీద ఇంకా నూనె వాసన పోని మెహెందీ, అబ్బాయి చొక్కా మీద పెళ్లికొచ్చిన సెంటు. వైన్‌లో సగం రుచి ముక్కుతోనే తెలుస్తుంది, గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే మల్లెలు ముందొస్తే ఇంకేం తెలుస్తుంది? ఆ పూటకి పూలూ సెంటూ వద్దు. కాఫీ, కిళ్లీ, వక్కపొడి రెండు గంటల ముందే ఆపేయండి. పీపాల గదిలో చల్లగా ఉంటుంది, నేల తడిగా ఉంటుంది. కుచ్చిళ్లు నేల తాకే పట్టుచీర, ఎత్తు మడమల చెప్పులు అక్కడ పనికిరావు.

గ్లాసుని గిన్నె పట్టుకోకుండా కాడ పట్టుకోండి, అరచేతి వేడికి తెల్ల వైన్ నిమిషాల్లో చప్పబడుతుంది. తెల్లది 8 - 10 డిగ్రీల్లో, ఎర్రది 16 - 18లో ఇవ్వాలి. మార్చి ఎండలో బయట బల్ల మీద పోసిన ఎర్ర వైన్ ఘాటుగా మాత్రమే అనిపిస్తే తప్పు ద్రాక్షది కాదు. కాసేపు ఐసులో పెట్టమని అడగండి, మొహమాటం వద్దు. పక్కన పెట్టే ఖాళీ గిన్నె ఉమ్మడానికే, అందులో ఉమ్మితే ఎవరూ ఏమీ అనుకోరు. మొదటిసారి తాగేవాళ్లకి ఎర్ర వైన్ నచ్చకపోవడం మామూలే. ఆ నాలుక పట్టేసినట్టుండే వగరు నేరేడు పండు తిన్నాక వచ్చేదే. దాన్ని 'చెడిపోయింది' అనుకుని వదిలేయకుండా ఒక చీజు ముక్క కొరికి మళ్లీ గుటక వేసి చూడండి. చీజు ఆ వగరుని తగ్గిస్తుంది.

మన తిండితో వైన్ కుదరదన్నది సగమే నిజం. కారం మీద ఓక్ పీపాలో మాగిన ఎర్ర వైన్ తాగితే నోరు మండుతుంది. ఆల్కహాల్ మంటని పెంచుతుంది, వగరు దాన్ని ఇంకాస్త గరుకు చేస్తుంది. కారానికి చల్లటి, కాస్త తీపి తగిలే తెల్ల వైన్ శెనిన్ బ్లాన్ సరి. గోంగూరకి, చింతపండు పులుసుకి అంతే పులుపున్న వైన్ కావాలి, లేకపోతే వైన్ నీళ్లలా తోస్తుంది. సావిన్యోన్ బ్లాన్ అనే తెల్ల వైన్ పనికొస్తుంది. నాటుకోడి వేపుడుకి 'రోజే' అనే గులాబీరంగు వైన్. ఆవకాయ దగ్గర మాత్రం చేతులెత్తేయాలి: నూనె, ఆవఘాటు, ఉప్పు మూడూ కలిసి ఏ వైన్‌నీ బతకనివ్వవు.

చన్నపట్న వైపు రోజు తీరు వేరు. బెంగళూరు నుంచి 60 కిలోమీటర్ల చిల్లర. 2023లో తెరిచిన మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే బిడది, రామనగర, చన్నపట్న, మద్దూరు ఊళ్లన్నిటినీ పక్కకి తప్పిస్తుంది. మ్యాపు చూపే వేగమైన దారే పడితే బిడది తట్టె ఇడ్లీ (పళ్లెమంత ఇడ్లీ), చన్నపట్న బొమ్మలు రెండూ కనపడకుండా వెనక్కి వెళ్లిపోతాయి. వెళ్లేటప్పుడు పాత హైవే పట్టండి. బైకు, ఆటోలకి ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన దారి మీదకి ప్రవేశమే లేదు. డ్రైవరు గొడవ లేకుండా కావాలంటే మెజెస్టిక్‌లోని ప్రధాన రైల్వే స్టేషన్ నుంచి మైసూరు వైపు వెళ్లి చన్నపట్నలో ఆగే రైలు ఉంటుంది. దిగాక ఆటో మాట్లాడుకోవచ్చు గానీ తిరుగు ఆటో ముందే ఖాయం చేసుకోకపోతే రోడ్డు మీద నిలబడాలి. బొమ్మల దుకాణాల్లో లక్కరంగు గట్టిగా పట్టిందో లేదో తడి గుడ్డతో రుద్ది చూడండి. సంప్రదాయంగా అవి మన ఏటికొప్పాక బొమ్మల్లాగే అంకుడు కర్రతో చేసేవి. సులా వైనరీలోని హోటలు భోజనం మామూలే, దానికోసం ఆకలి దాచుకోవద్దు. మద్దూరు వడ పొట్లం కట్టించుకుంటే తిరుగు దారికి సరిపోతుంది.

ఇక ఊళ్లో తిండి. టిఫిన్లకి వారం చూసుకోకపోతే మూసిన తలుపు ముందు నిలబడతారు. మావళ్లి టిఫిన్ రూమ్స్, అంటే ఎం.టి.ఆర్., లాల్‌బాగ్ రోడ్డుది సోమవారం సెలవు. గాంధీ బజారు విద్యార్థి భవన్ శుక్రవారం సెలవు. శంకరపురం బ్రాహ్మిన్స్ కాఫీ బార్ ఆదివారం సెలవు. మూడింట్లో జంటకి ఒక్కటే ఎంచుకోమంటే విద్యార్థి భవన్. 1943 నాటి హోటలు. దోసె అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, లోపల మెత్తన, నెయ్యి చేతికంటుతుంది. ఏడున్నర లోపు వెళ్తే పావుగంటలో బల్ల దొరుకుతుంది, ఆదివారం తొమ్మిదికి వెళ్తే గంట నిలబడాలి. బ్రాహ్మిన్స్‌లో సాంబారే ఉండదు, చట్నీ మాత్రం ఎంత అడిగితే అంత. ఒకందుకు మంచిదే, బెంగళూరు సాంబారులో బెల్లం మన నాలుకకి అంత తొందరగా అలవాటు కాదు. ఎం.టి.ఆర్.లో రవ్వ ఇడ్లీ తినండి, యుద్ధకాలంలో బియ్యం కరవైనప్పుడు పుట్టింది అక్కడే. మల్లేశ్వరంలో సి.టి.ఆర్. హోటలు బెణ్ణె మసాలె (వెన్న మసాలా దోసె) కోసం దూరం నుంచి వస్తారు, మధ్యాహ్నం మాత్రం కాసేపు మూసేస్తారు.

మాంసాహారులు ఒక మధ్యాహ్నం మిలిటరీ హోటలుకి (మాంసాహారం వండే పాతతరహా హోటళ్లని ఇక్కడ అలా అంటారు) ఇవ్వాలి. అక్కడ పెట్టే దొన్నె బిర్యానీ మన హైదరాబాదీ బిర్యానీ కాదు: పొట్టి జీలకర్ర సాంబ బియ్యం, కొత్తిమీర-పుదీనా ఆకుపచ్చ, పొడి మసాలా తక్కువ. ఒంటిగంటకే చేరాలి, రెండున్నరకి మటన్ అయిపోతుంది. రాగి ముద్ద రాయలసీమ వాళ్లకి కొత్త కాదు. కోస్తా వాళ్లకి ఒక మాట: నమలొద్దు, పులుసులో ముంచి మింగేయండి. జనవరిలో వెళ్లేవాళ్లు వి.వి.పురం వైపు అవరెకాళు మేళా పెట్టారేమో కనుక్కోండి. చిత్తూరు వాళ్ల పితికిపప్పే అది, అనపగింజలతో దోసె దాకా చేస్తారు. ఖరీదైన రాత్రి భోజనం ఒక్కటే పెట్టుకుంటే రెసిడెన్సీ రోడ్డులోని కరావళి: మంగళూరు, కేరళ తీరం చేపలు, చెట్ల కింద బల్లలు. ఆ రోడ్డులోనే నాగార్జున ఉంది, కానీ హనీమూన్‌కి వచ్చి కందిపొడి-నెయ్యి అన్నం తినడం మీ ఇష్టం.

బస విషయంలో మా సలహా: రెండు రాత్రులు ఊళ్లో, ఒకటి రెండు నంది వైపు. ఊళ్లో మెట్రో స్టేషనుకి నడిచే దూరంలో ఉండండి. చర్చి స్ట్రీట్, ఇందిరానగర్ వంద అడుగుల రోడ్డు వైపు గదైతే పబ్బుల మోత ఒంటిగంట దాకా తప్పదు, లోపలి వైపు గది అడగాలి. 'హనీమూన్ ప్యాకేజీ' అంటే సాధారణంగా పరుపు మీద గులాబీ రేకులు, టవల్ హంసలు, అరకిలో కేకు. విడిగా గది రేటు చూసి తేడా లెక్క వేస్తే ఆ కేకు చాలా ఖరీదు. కాచిగూడ రైల్లో తెల్లవారి దిగేవాళ్లు చెక్-ఇన్ మధ్యాహ్నం రెండుకని మరిచిపోతారు. సామాను హోటల్లోనే దింపేసి టిఫినుకి వెళ్లండి, చాలా హోటళ్లు ఉంచుకుంటాయి. ఇద్దరి గుర్తింపు కార్డులూ (ఆధార్ లాంటివి) చూపాలి. చిరునామాలు, ఇంటిపేర్లు కలవకపోతే కొన్నిచోట్ల ప్రశ్నలు వేస్తారు, పెళ్లి పత్రం చట్టప్రకారం అక్కర్లేదు గానీ ఫోన్లో శుభలేఖ ఫోటో ఉంటే మాట త్వరగా తెగుతుంది. బెంగళూరు ఆధార్ ఉంటే కొన్ని హోటళ్లు గదే ఇవ్వవు, బుకింగులో 'లోకల్ ఐడీ' నిబంధన చదువుకోండి.

వైనరీలో సీసాలు కొనేటప్పుడు ఊళ్లో దుకాణాల్లో దొరికే రకాలు వదిలేసి రిజర్వ్ రకాలు చూడండి. ఆ రాత్రి గదిలో తాగేదైతే బిరడా ఉన్నది వద్దు, మరమూత సీసా తీసుకోండి, బిరడా తీసే మర హోటల్లో దొరక్క వేరుశనగలు నములుతూ కూర్చోవాల్సి వస్తుంది. నిలిపిన కారులో మధ్యాహ్నం రెండు గంటలు వదిలితే వైన్ ఉడికి బిరడా పైకి తన్నుకొస్తుంది, సీసాల్ని మీతోపాటు లోపలికి తీసుకెళ్లండి. ఆంధ్రా, తెలంగాణా ఇంటికి పట్టుకెళ్లే మాటైతే పొరుగు రాష్ట్రం సీసాల మీద ఎక్సైజు నిబంధనలు వేరు, చెక్‌పోస్టు దగ్గర పెళ్లికూతురి సూట్‌కేసు విప్పించుకోవడం ఎందుకు? రెండే కొని, రెండూ బెంగళూరులోనే ముగించండి.