మోకాలు నొప్పికి ఏది మేలు: పరుగు ఆపడమా, మోకాలి పట్టీయా (knee cap), బలం పెంచడమా?

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ దగ్గర పడుతుందంటే చాలు, "మోకాలు పట్టేసింది, పరుగు ఆపేయాలా?" అని అడిగేవాళ్లు ఎక్కువవుతారు. ఈ నెలలో ఇప్పటికి నలుగురు అడిగారు. దెబ్బేమీ తగలకుండా మెల్లగా మొదలై, మెట్లు దిగేటప్పుడు, సినిమా అయ్యాక సీట్లోంచి లేచేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ లాగే నొప్పి గురించే ఇక్కడ చెబుతున్నాను. మోకాలు వాచినా, మడతలో ఇరుక్కుపోయినా, అడుగు వేస్తుంటే సడలిపోయినా ఇదంతా పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించండి.

రెండేళ్ల కిందట నేను విశ్రాంతినే నమ్ముకున్నాను. వారానికి 20 కిలోమీటర్లు పరిగెత్తేవాణ్ణి ఒక్కసారిగా 35కి పెంచాను, కుడి మోకాలు మొరాయించింది. మూడు వారాలు పూర్తిగా ఆపేస్తే నొప్పి పోయింది. మళ్లీ పరిగెత్తిన మొదటి రోజే, మూడో కిలోమీటరు దగ్గర, అదే చోట తిరిగొచ్చింది. ఖాళీగా కూర్చుంటే నొప్పితో పాటు కాలికి ఉన్న ఓపిక కూడా తగ్గుతుంది. పైగా పాత లోటు అలాగే ఉంటుంది. 1978లో విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తిపెట్టడం అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్ కూడా, పూర్తి విశ్రాంతి, ఐస్ కోలుకోవడాన్ని ఆలస్యం చేయొచ్చని తర్వాత తనే రాశారు.

మోకాలికి తొడిగే బిగుతు పట్టీ (knee cap) వేసుకుంటే ధైర్యంగా ఉంటుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల వెళ్లే రోజున వేసుకోండి, తప్పులేదు. రోజూ దాని మీదే ఆధారపడితే మాత్రం అసలు పని వాయిదా పడుతుంది. జెల్, ఐస్ ఆ పూటకి ఉపశమనం. షూలో వేసుకునే ఇన్‌సోల్ కొందరికి మొదటి కొన్ని వారాలు పనికొస్తుంది.

నా ఓటు బలానికే. ఈ నొప్పి మీద 2018లో వచ్చిన అంతర్జాతీయ నిపుణుల సిఫార్సుల్లోనూ వ్యాయామానిదే పెద్దపీట. అదీ తొడ కండరాలకి ఒక్కదానికే కాకుండా తుంటి కండరాలకీ కలిపి. నన్ను ఒప్పించింది మాత్రం మా అపార్ట్‌మెంట్ మెట్టు. ఫిజియో చెప్పినట్టు కింది మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, నాలుగు అంకెలు లెక్కపెట్టేలోగా రెండో మడమ నేలకి ఆనేలా దిగి, మళ్లీ పైకి లేవాలి. ఎడమ కాలితో పదిహేను చేశాను. కుడి కాలితో ఆరోసారికే తొడ వణికింది, మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలిపోయింది. మూడు వారాల విశ్రాంతి ఆ తేడాని ముట్టుకోనే లేదు.

అప్పటినుంచి రోజు విడిచి రోజు ఈ మెట్టు దిగడం, పక్కకి పడుకుని కాలు పైకెత్తడం, బడిలో వేయించేవాళ్లే, ఆ గోడ కుర్చీ. గోడ కుర్చీ మరీ కిందికి వేయకండి, మోకాలు సగం వంగితే చాలు. లోతుకి వెళ్లేకొద్దీ చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది.

పరుగు కూడా ఆపలేదు, సగానికి తగ్గించాను. నొప్పి పదికి మూడు లోపే ఉండి, తెల్లారేసరికి మామూలైపోతే కొనసాగించాను. లేకపోతే మర్నాడు తగ్గించాను. ఫ్లైఓవర్ దిగే దారులు మానేశాను. అడుగులు చిన్నవి చేసి, నిమిషానికి వేసే అడుగుల సంఖ్య ఐదు నుంచి పది శాతం పెంచితే మోకాలి మీద పడే భారం తగ్గుతుంది. ఇది రేపటినుంచే మొదలుపెట్టొచ్చు.

ఓపిక పట్టాల్సిన దారి ఇది. కుడి కాలు పదిహేనుకి చేరడానికి ఎనిమిది వారాలు పట్టింది, వారానికి 35 కిలోమీటర్లకి రావడానికి ఇంకో నెల. అందుకే, పోటీకి నాలుగు వారాలే ఉన్నవాళ్లు ఈసారికి 21 కిలోమీటర్ల నుంచి 10కి మారిపోండి.