తిరుపతిలో పిల్లల కౌన్సెలింగ్ సెంటర్: ఎనిమిది సిట్టింగుల తర్వాత

మాది రాజంపేట. మా పాపకు తొమ్మిదేళ్లు. మార్చి నుంచి తిరుపతిలో పిల్లల మానసిక సమస్యలు చూసే ఒక చిన్న సెంటర్‌కు తీసుకెళ్తున్నాను. వాళ్ల మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. ఇలాంటి చోట ఏం చేస్తారో తెలియక వెనకాడుతున్న అమ్మానాన్నలకు పనికొస్తుందని రాస్తున్నాను.

మబ్బు పట్టిందంటే పాప బడికి పోదు. కడుపునొప్పి అంటుంది, నిజంగానే చెమటలు పోస్తాయి. రాత్రి రెండు మూడుసార్లు లేచి తలుపు గడియ చూసొస్తుంది. జనవరిలో ఒకరోజు గమనిస్తే ఎడమ కనుబొమ్మ సగం లేదు. టీవీ చూస్తూ ఒక్కో వెంట్రుకా పీకేసుకుంటోంది. పిల్లల డాక్టరు స్కానింగ్ తీయించి ఏమీ లేదన్నారు. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. చివరికి మా చెల్లెలు చెబితే 14416కి ఫోన్ చేశాను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. రాత్రి పదకొండింటికి చేసినా ఎత్తారు, తెలుగులోనే మాట్లాడారు, పైసా ఖర్చు లేదు. ఓపిగ్గా అంతా విని, పాపను నేరుగా చూపించమన్నారు. అలా ఈ సెంటర్‌కు వెళ్లాం.

మొదటి రోజు మందులు రాసిస్తారనుకున్నా. కౌన్సెలర్ మేడం పాపతో పావుగంట బొమ్మలేయించి, మిగతా సమయమంతా నన్నూ మా అమ్మనూ అడుగుతూనే ఉంది. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు ఎప్పుడు నిద్రపోతారు, పాప అన్నం ఎవరి పక్కన కూర్చుని తింటుంది, ఇలా.

చెప్పక తప్పలేదు. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి రోజు అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి చెయ్యేరు మా ఊరి మీద పడింది. పాపకు అప్పుడు ఐదేళ్లు, నా భుజం మీద ఉంది. ఇల్లు పోయింది, మూడు ఎనుములు పోయాయి. రాజంపేట వచ్చి సెల్ రిపేరు షాపు పెట్టుకున్నా. అప్పు ఏడు లక్షలు దాటింది. 2023లో మా ఆవిడ కువైట్‌కు ఇంటి పనికి వెళ్లింది. మా వైపు ఇది కొత్త కాదు, మా వీధిలోనే నలుగురు ఆడవాళ్లు అక్కడ ఉన్నారు.

మేడం ఒక కాగితం మీద వరుసగా రాసింది: వరద, అప్పు, అమ్మ దూరం. తర్వాత, ఇంట్లో గొడవలున్నాయా అని అడిగింది. లేవు మేడం అన్నాను. మా అమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నా. డబ్బు గురించి మా ఆవిడతో ఫోన్‌లో అరుస్తాను, అదీ స్పీకర్ పెట్టి. పాప పక్క గదిలో నిద్రపోయిందనుకునేవాణ్ణి.

అప్పుడు మేడం ఒక సంగతి చెప్పింది. మైకేల్ రటర్ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు 1970లలో కుటుంబ కష్టాలకూ పిల్లల మానసిక ఇబ్బందులకూ సంబంధం వెతికాడట. ఒక్క కష్టమే ఉన్న ఇళ్లలో పిల్లలు దాదాపు మామూలుగానే ఉన్నారు. రెండు, మూడు, నాలుగు కష్టాలు ఒకదాని మీద ఒకటి పడ్డ ఇళ్లలో ఇబ్బంది బాగా పెరిగిందట. 'అన్నీ తీసేయక్కర్లేదు నాన్నా, ఒక్కటి తగ్గించినా పాప మీద బరువు తగ్గుతుంది' అంది. ఆ మాటకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. వరదను నేను వెనక్కి తిప్పలేను, అప్పు రేపటికి తీర్చలేను. అరుపులు మాత్రం ఆ రాత్రి నుంచే ఆపగలను.

కాగితం వెనక్కి తిప్పి, పాపకు బలమిచ్చేవి ఏమిటని ఇంకో వరుస మొదలుపెట్టింది. అందులో మొదటి పేరు మా అమ్మది. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే ఆవిడ, ఆమె తోటివాళ్లు నలభై ఏళ్ల వయసు దాకా గమనిస్తూ వచ్చారట. పేదరికం, ఇంట్లో కలహాలు, ఇలా చాలా కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. అమ్మానాన్నలు కాకపోయినా ఒక నానమ్మో, అత్తో, టీచరో గట్టిగా పట్టుకుని ఉండటం, ఇంట్లో తనకంటూ ఒక పని ఉండటం వాళ్లకు బలమయ్యాయట. చదువు రాని మా అమ్మ ఆ కాగితం మడిచి కొంగున ముడేసుకుంది.

మూడో సిట్టింగ్‌లో అసలు విషయం బయటపడింది. పాప ఒప్పుకున్నాకే మేడం మాకు చెప్పింది. మా అమ్మ రోజూ ముద్దుగా అనేది, 'నీ చదువు కోసమే మీ అమ్మ ఎడారికి పోయిందే తల్లీ' అని. పాప దాన్ని పట్టుకుని, తన ఫీజు వల్లే అమ్మ వెళ్లిపోయిందని, తను బడి మానేస్తే అమ్మ వచ్చేస్తుందని అనుకుంటోంది. రెండేళ్లు ఆ మాట లోపలే మోసింది. పిల్లలకేం తెలుసులే అని మనం అనుకుంటాం. వాళ్లు మన మాటల్లోంచి సొంతంగా లెక్క కట్టుకుంటారు. ఆ రోజు ఇంటికొచ్చి, ఇల్లు కట్టుకోడానికి తెచ్చిన అప్పు కోసం అమ్మ వెళ్లిందని, నీ వల్ల కాదని అప్పు నోటుబుక్కు చూపించి మరీ చెప్పాను. 'ఎంత తీరింది?' అని అడిగింది. కూడి చూపించాను.

ఇంకో సలహా ఫోన్ గురించి. కువైట్‌లో మా ఆవిడకు పని అయ్యేసరికి అక్కడ పది, మనకు పన్నెండున్నర. పాప ఆ ఫోన్ కోసం మేలుకుని ఉండేది. ఇప్పుడు మా ఆవిడ రాత్రే వాయిస్ మెసేజ్ పెడుతుంది. పొద్దున జేజి, అంటే మా అమ్మ, జడ వేసేటప్పుడు పాప ఫోన్ ఒళ్లో పెట్టుకుని వింటుంది. 'రిబ్బన్ గట్టిగా కట్టించుకో, మొన్న ఊడిపోయిందంట కదా' అని వాళ్లమ్మ అంటుంటే అద్దంలో చూసి తల సర్దుకుంటుంది. చేతులు కనుబొమ్మ దగ్గరికి పోవడం తగ్గింది.

వాన భయానికి ఒక పని ఇచ్చారు. ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, తలకిందులుగా లోపల పెట్టి, పక్కన స్కేలు అతికించి మిద్దె మీద పెట్టాం. వాన పడిన మర్నాడు నీళ్లు కొలిచి నోటుబుక్కులో రాయడం పాప పని. మొదటి నెల నేనే ఎక్కి కొలిచాను, తను మెట్ల దగ్గర నిలబడి అంకె రాసుకునేది. ఇప్పుడు తనే ఎక్కుతోంది. పెద్ద ఉరుమొస్తే ఇంకా వచ్చి నన్ను పట్టుకుంటుంది.

ఇక ఫిర్యాదు. నాలుగోసారి వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి నలుగురిలో 'కనుబొమ్మ పీక్కునే పాప ఎవరు?' అని పిలిచింది. పాప దారి పొడవునా మాట్లాడలేదు. మేడంకు చెబితే క్షమించమని అడిగింది, అప్పటి నుంచి టోకెన్ నంబరుతోనే పిలుస్తున్నారు. కానీ ఇలాంటి చోట అది మొదటి రోజు నుంచే ఉండాలి. పదిన్నర అపాయింట్‌మెంట్ పన్నెండుకు గానీ అవదు. సిట్టింగ్‌కు 700, బస్సు చార్జీలు వేరే, షాపు ఒక రోజు మూత. సాయంత్రం సమయాలు లేవు. సైకియాట్రిస్ట్ శనివారాలే వస్తారు. పాపను చూసి ఇప్పటికి మందులు అక్కర్లేదన్నారు.

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తాను. వెళ్లేవాళ్లు ఇంట్లో పాపనో బాబునో నిజంగా చూసుకునేవాళ్లను, అంటే అవ్వనో, తాతనో, పెద్దమ్మనో వెంట తీసుకెళ్లండి. మా మొదటి సిట్టింగ్‌కు మా అమ్మను బస్టాండ్‌లోనే కూర్చోబెడదామనుకున్నాను.