పీహెచ్ 5: బల్బు కంట్లో పడని దీపం

డెన్మార్క్‌లో అద్దె ఇంటితో పాటు దీపాలు రావు. ఖాళీ చేసేవాళ్లు తమవి విప్పుకుపోతారు, సీలింగ్‌కి ఒక కొక్కెం, కరెంటు పాయింటు మిగులుతాయి. కోపెన్‌హాగెన్‌లో మా వంటింటి బల్ల మీదున్న కొక్కేనికి సెకండ్ హ్యాండ్‌లో కొన్న తెల్ల పీహెచ్ 5 తగిలించాం. బల్బు చుట్టూ రేకులు అమర్చిన వేలాడే దీపం అది. ఏళ్లు గడిచినా దాన్ని మార్చాలనిపించలేదు.

డేనిష్ డిజైనర్ పౌల్ హెన్నింగ్సెన్ 1958లో దీన్ని గీశాడు. లూయిస్ పౌల్సెన్ కంపెనీ ఇప్పటికీ తయారు చేస్తోంది. పేరులో పీహెచ్ ఆయన పేరు పొడి అక్షరాలు, 5 అంటే పెద్ద రేకు వ్యాసం, 50 సెంటీమీటర్లు. ఫొటోల్లో చూసినప్పుడు దీనికింత పేరెందుకో నాకు అర్థం కాలేదు. కింద కూర్చుంటే తెలిసింది. బల్ల చుట్టూ ఎక్కడ కూర్చున్నా బల్బు కళ్లలోకి కొట్టదు. అల్యూమినియం రేకులకు తగిలిన వెలుగు మెత్తబడి కిందికీ పక్కలకీ పడుతుంది, ఎదుటివాళ్ల ముఖం మీద ముదురు నీడలుండవు. డిసెంబరులో ఇక్కడ నాలుగు కాకుండానే సూర్యాస్తమయం. సాయంత్రమంతా దీపం కిందే గడిపే ఊళ్లో ఇది చిన్న సుఖమేం కాదు.

లోపలి చిన్న రేకులకు ఎరుపు, నీలం రంగులు వేశాడు. మన కంటికి పసుపు, ఆకుపచ్చ బాగా ఆనతాయి, ఎరుపూ నీలమూ అంతగా ఆనవు, అందుకని వాటిని కాస్త పెంచాలని ఆయన లెక్క. ఆ లెక్క సంగతేమో గానీ, కంచంలో ఆవకాయ మాత్రం ఆవకాయ రంగులోనే కనిపిస్తుంది.

బల్బుల కంపెనీలు ఆకారాలూ సైజులూ మారుస్తుంటే విసిగిపోయి, ఏ బల్బు పెట్టినా పనిచేసేలా దీన్ని చేశాడు హెన్నింగ్సెన్. ఎల్‌ఈడీలు వచ్చాక కూడా ఇది మూలన పడలేదంటే కారణం అదే. నా అనుభవంలో చిన్న మెలిక ఉంది: వెలుగు ముందుకే చిమ్మే ఎల్‌ఈడీ పెడితే పై రేకులు మసకబారతాయి. అన్ని వైపులా వెలిగే పాలగాజు బల్బు, 2700 కెల్విన్‌ది, అంటే వెచ్చటి పసుపు వెలుగుది, బాగా కుదిరింది.

గదంతా వెలగాలంటే మాత్రం ఇది చాలదు. ట్యూబ్‌లైటుకు అలవాటుపడ్డ మా అమ్మ వచ్చినప్పుడు "ఒరే, ఇంకో లైటు వెయ్యి, మూలలు కనబడట్లేదు" అంటూనే ఉంది. బల్లకు సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తులో కట్టాలి కాబట్టి, బల్ల పక్కకు జరిపితే తల కొట్టుకోవడం ఖాయం. రేకుల మధ్య దుమ్ము ఇంకో తలనొప్పి. రోజూ పోపు వేసే వంటిల్లయితే ఆ దుమ్ము జిడ్డుగా మారుతుంది, పొడిగుడ్డకు లొంగదు. ఇది దీపం తప్పు కాదులెండి.

కొత్తదానికి వేల డేనిష్ క్రోనర్లవుతుంది. రోజూ కూర్చునే బల్ల మీదికైతే పెట్టొచ్చు, హాలు అలంకరణకైతే వద్దంటాను. పాతది తీసుకుంటే రేకుల్ని పట్టి ఉంచే సన్నటి కమ్మీలు చూసుకోండి. అవి వంగితే రేకులు ఒరిగి, బల్బు బయటికి కనిపిస్తుంది.