రాగి గొట్టపు జె-పోల్ యాంటెనా: విశాఖ మేడ మీద పది నెలలు

డాబా గార్డెన్స్ వెనుక సందుల్లో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే ఒక చిన్న దుకాణం ఉంది. అక్కడ హ్యామ్ రేడియోలో (లైసెన్సు తీసుకుని సొంత ఆసక్తితో ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో) వాడే రెండు మీటర్ల బ్యాండుకు, రాగి గొట్టంతో, ఇంగ్లీషు ‘జె’ అక్షరంలా ఉండే జె-పోల్ యాంటెనా చేసి ఇస్తారని నిరుడు మే నెలలో ఒక మిత్రుడు చెప్పగా వెళ్లి, 2,200 రూపాయలిచ్చి ఒకటి చేయించుకున్నాను. ఆనాటి నుంచి అది ఎంవీపీ కాలనీలోని మా అపార్టుమెంటు మేడ మీద ఎండకూ వానకూ సముద్రపు గాలికీ ఓర్చుకుని నిలబడి ఉంది. యాంటెనా కొనదగినదే. దానితోపాటు దుకాణదారు ఇచ్చే కేబులు, ఇనుప బిగింపులు మాత్రం తీసుకోవద్దు. ఈ రెండు మాటలకూ కారణాలు చెప్పాలంటే అసలు దాన్ని ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీద పడినప్పుడు కరెంటుతోపాటు సెల్‌ఫోన్లు కూడా మూగబోయాయి. మధురవాడలో ఉన్న మా అక్కగారి క్షేమం తెలుసుకోవడానికి మూడోరోజున చెట్లు పడిన దారుల్లో నడిచి వెళ్లవలసి వచ్చింది. ఆ నడకలోనే హ్యామ్ లైసెన్సు తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. మోర్స్ (చుక్కలూ గీతల సంకేతాలు) పరీక్ష అవసరం లేని రిస్ట్రిక్టెడ్ గ్రేడు పరీక్షకు కూర్చుని, వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్ (రేడియోలో చెప్పుకునే గుర్తింపు పేరు) తెచ్చుకుని, చేతి సెట్టు కొని 145.500 మెగాహెర్ట్జ్ మీద పెట్టుకుంటే నెలల తరబడి గరగర తప్ప మనిషి గొంతు వినబడలేదు. ఊళ్లో హ్యాములు లేక కాదు. కొందరు కబుర్లన్నీ ఫోనులోని గ్రూపుల్లోనే చెప్పుకుంటున్నారు. మరికొందరు 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 పద్ధతిలో, హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) బ్యాండుల మీద, మాటతో పని లేకుండా కంప్యూటరుతోనే ఖండాంతరాలు దాటుతున్నారు. చేతి సెట్టు ఉన్నవాళ్లలో చాలామంది దాన్ని గదిలో, కిటికీకి దూరంగా, దానితో వచ్చిన రబ్బరు యాంటెనాతోనే పెట్టుకుని, నాలుగు రోజులు విని, ఎవరూ లేరనుకుని ఆపేశారు. తుపాను మళ్లీ వస్తే అక్కరకు వచ్చేది అయిదు మైళ్ల అవతలి గొంతే కదా అన్న బాధ నన్ను ఈ యాంటెనా దాకా తీసుకువచ్చింది.

ఇక వస్తువు సంగతి. దుకాణదారు ఏసీలకు వాడే రాగి గొట్టాన్ని కోసి, వెండి కలిసిన టంకంతో అతుకుతారు. పొడవు కాడ సుమారు 148 సెంటీమీటర్లు, పక్కనున్న పొట్టి కాడ సుమారు 49 సెంటీమీటర్లు. రెండింటినీ అడుగున ఒక అడ్డ ముక్క కలుపుతుంది. పైభాగంలోని అర తరంగదైర్ఘ్యం ప్రసారం చేస్తుంది, కింది పావు తరంగదైర్ఘ్యం దాన్ని కేబులుకు సరిపడేటట్టు మలుస్తుంది. అడుగు నుంచి అయిదు సెంటీమీటర్ల ఎత్తులో కేబులు తగిలించే చోటు ఉంటుంది. అతుకులు చూడముచ్చటగా ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా గ్యాసు కారకుండా గొట్టాలు అతికిన చెయ్యి అది. ఎక్కడా పూస కట్టలేదు, ఎక్కడా కన్నం లేదు. పొడవు కాడ పైకొసకు మూత కూడా వేశారు కాబట్టి లోపలికి వాన నీరు దిగదు.

అయితే ఆయన దగ్గర కొలిచే మీటరు లేదు, టేపుతో కొలిచి కోస్తారు. ఇంటికి తెచ్చి నానో వీఎన్‌ఏ అనే చిన్న మీటరుతో చూస్తే ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది) అన్నిటికన్నా తక్కువగా ఉన్న చోటు 142 మెగాహెర్ట్జ్ దగ్గర తేలింది. మన దేశంలో హ్యాములకు ఇచ్చిన బ్యాండు 144 నుంచి 146 వరకే కనుక మళ్లీ తీసుకువెళ్లాను. ఆయన విసుక్కోకుండా, ‘కావాలనే ఓ వేలెడు పొడుగు వదిలానండి మాస్టారూ. ఎక్కువుంటే కొయ్యొచ్చు, తక్కువైతే ఏటి చేస్తాం?’ అన్నారు. పైకొసన రెండు సెంటీమీటర్లు కోసి, కేబులు తగిలే చోటు కాస్త పైకి జరిపాక 145 దగ్గర 1.3కు వచ్చింది. బ్యాండు రెండు చివర్లలోనూ 1.5 దాటదు. 1.5 అంటే పంపిన శక్తిలో వెనక్కి వచ్చేది నూటికి నాలుగు పాళ్లే, దానికి దిగులుపడనక్కర్లేదు. మీరు వెళ్తే మీటరు వెంట తీసుకువెళ్లి అక్కడే సరిచేయించుకోండి, రెండో ప్రయాణం తప్పుతుంది.

కేబులు విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. దుకాణంలో ఇచ్చినది ఆర్‌జీ-58, సన్నటి నల్ల తీగ. మేడ మీది నుంచి మా గదికి ఇరవై మీటర్లు పట్టింది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ ఇరవై మీటర్లలో సుమారు 4 డెసిబెళ్లు పోతాయి, అంటే చేతి సెట్టు పంపిన 5 వాట్లలో యాంటెనా చేరేది 2 వాట్లే. వినడంలోనూ అంతే నష్టం. అవతలివాడి బలహీనమైన గొంతు మేడ దిగి గదికి వచ్చేసరికి సగానికి సగం కరిగిపోతుంది. మంచి రాగి యాంటెనా కట్టి సన్నటి తీగ వేయడం, నిండు చెరువుకు పిల్ల కాలువ తవ్వినట్టే. రెండో నెలలో దాన్ని తీసేసి ఎల్‌ఎంఆర్-400 తరగతి మందపాటి కేబులు వేశాను. నష్టం సుమారు 1 డెసిబెలుకు తగ్గింది. ఈ కేబులుకు యాంటెనా కన్నా ఎక్కువ ఖర్చయింది, ఆ మాట దాచను. డబ్బు సరిపోకపోతే కేబులు పొడవు తగ్గించుకోండి, సెట్టునే మేడ మెట్ల గదిలో పెట్టుకోండి. యాంటెనా కింద కేబులును చెంబంత చుట్టలుగా అయిదు చుట్లు చుట్టి కట్టడం కూడా మరవకూడదు. అది లేకపోతే కేబులు పైతొడుగే యాంటెనాలాగా ప్రసరించి, మైకు పట్టుకున్నప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ ఊగిసలాడుతుంది. దుకాణంలో ఈ సంగతి చెప్పలేదు.

యాంటెనా కట్టిన మొదటి మూడు వారాలు ప్రతి రాత్రి 8:30కు సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) పిలిచాను. ఒక్క జవాబు లేదు. నిజంగా మనసు విరిగింది. ఒకనాడు గాజువాకలో ఉండే స్టీల్‌ప్లాంటు ఉద్యోగి ఒకాయన ఫోను చేసి, ‘గురువుగారూ, మీరు రోజూ పిలుస్తూనే ఉన్నారు, నేను రోజూ పలుకుతూనే ఉన్నాను, మీకు వినబడటం లేదా?’ అని అడిగారు. తప్పు యాంటెనాది కాదు, నా చేతి సెట్టుది. తక్కువ ఖరీదు చేతి సెట్లలోని రిసీవరు, గదిలో రబ్బరు యాంటెనాతో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. మేడ మీది యాంటెనా తగిలించగానే ఊళ్లోని ఎఫ్‌ఎం రేడియో స్టేషన్లు, ఇతర ప్రసారాలు అన్నీ ఒక్కసారిగా లోపలికి దూసుకువచ్చి దాన్ని చెవిటిదాన్ని చేస్తాయి. ఊరంతా నన్ను వింటూ ఉంది, నేనే ఎవరినీ వినలేకపోతున్నాను. ఎవరో వాడి అమ్మిన 25 వాట్ల కారు సెట్టు ఒకటి తెచ్చి, 13.8 వోల్టుల సప్లై పెట్టి తగిలించిన రాత్రి, ఆయన గొంతు ఎదురుగా కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా, హ్యాముల భాషలో ఫైవ్ నైన్‌తో (స్పష్టతకు అయిదు, బలానికి తొమ్మిది మార్కులతో), వచ్చింది. ఆ రాత్రి నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఈ యాంటెనా కొనాలనుకునేవారికి నా మొదటి హెచ్చరిక ఇదే: చేతి సెట్టుకు నేరుగా తగిలించి, బ్యాండు ఖాళీగా ఉందని తేల్చేయకండి. కనీసం మన బ్యాండును మాత్రమే లోపలికి వదిలే బ్యాండ్ పాస్ ఫిల్టరు ఒకటి మధ్యలో పెట్టండి.

ఇది ఎంత దూరం అందుతుందన్నది ఊరి కొండల మీద ఆధారపడి ఉంది. నేల మీది నుంచి ఇరవై రెండు మీటర్ల ఎత్తున ఉన్న యాంటెనాకు రేడియో దిగంతం సుమారు 19 కిలోమీటర్లు, అవతలివాడి మేడ ఎత్తు దానికి కలిసివస్తుంది. లెక్కకు అలా ఉన్నా కొండ అడ్డు వస్తే లెక్క తప్పుతుంది. గాజువాక, సీతమ్మధార, ఎన్‌ఏడీ జంక్షన్ వైపు ఏ ఇబ్బందీ లేదు. భీమిలిలో ఉండే రిటైర్డు మాస్టారు ఒకరు కైలాసగిరి భుజం మీదుగా గరగరలో మునిగి తేలుతూ వస్తారు, అయినా మాట అర్థమవుతుంది. పెందుర్తి మాత్రం సింహాచలం కొండల వెనుక ఉండిపోయింది. అక్కడి మిత్రుడితో సింప్లెక్స్ మీద, అంటే సెట్టు నుంచి సెట్టుకు నేరుగా, ఒక్కసారి కూడా మాట కలవలేదు, ఆ లోటు కొండ మీద ఉండి విన్నదాన్ని మళ్లీ ప్రసారం చేసే రిపీటరే తీర్చాలి. ఇది అన్ని దిక్కులకూ సమానంగా పంచే యాంటెనా కనుక ఒక దిక్కుకే దూరం కావాలనుకునేవారు ఒకే దిక్కుకు గురిపెట్టే యాగీ యాంటెనా కట్టుకోవాలి. ఫిబ్రవరిలో ఒక పొగమంచు తెల్లవారుజామున సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాకినాడ నుంచి ఒక గొంతు పది నిమిషాలపాటు స్పష్టంగా వచ్చి మాయమైంది. చల్లటి గాలి మీద వెచ్చటి గాలి పొర పరుచుకున్నప్పుడు సిగ్నలు ఆ పొర కిందనే సాగిపోతుంది. అది వాతావరణం చలవే కాబట్టి యాంటెనా ఘనతగా లెక్కవేయను. అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోయేటప్పుడు 145.800 మీద వచ్చే ప్రసారాలు కూడా దీనిలో చక్కగా వినబడతాయి. 2025 జూలైలో వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడి నుంచి హ్యామ్ రేడియోలో మన దేశపు విద్యార్థులతో మాట్లాడిన తర్వాత, మా కాలనీ పిల్లలు నలుగురు ఆ చప్పుడు వినడానికని మేడ ఎక్కారు.

రాత్రి 8:30 పిలుపుకు ఇప్పుడు మామూలుగా ఆరేడుగురు వస్తారు, ఆదివారం పదిమంది దాటుతారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివే అమ్మాయి ఒకరు ఇదే దుకాణంలో ఇదే యాంటెనా చేయించుకుని, హాజరు తీసుకునే బాధ్యత తానే తీసుకున్నారు. గాజువాక ఆయన కూడా ఒకటి చేయించుకున్నారు. కాల్ సైన్ చెప్పడం, మాటకూ మాటకూ మధ్య రెండు సెకన్లు ఖాళీ వదలడం, కొత్తవారికి ముందు చోటివ్వడం అనే మూడు నియమాలు తప్ప ఇంకేమీ పెట్టుకోలేదు. మాట్లాడేది పెద్ద విషయాలేమీ కాదు: ఎవరి మేడ మీద ఎంత గాలి వీస్తోంది, రైతుబజారులో టమాటా ధర ఎంత, ఎవరి కేబులులోకి నీరు దిగింది. నాకు కావలసింది అదే. ఎవరి గొంతు ఎక్కడి నుంచి ఎంత బలంగా వస్తుందో ఇప్పుడు మాకందరికీ తెలుసు. ఎన్నడైనా సెల్‌ఫోన్లు ఆగిన రాత్రి ఎవరి ద్వారా ఎవరికి కబురు అందించవచ్చో అడగకుండానే చెప్పగలం. బయటి దేశాల వీడియోలు చూసి 146.520 మీద పిలిచేవారు ఇంకా ఉన్నారు. అది అమెరికావారి పిలుపు స్థానం, మన బ్యాండుకు బయట ఉంది. అక్కడ పిలవడం నిబంధనలకు విరుద్ధం, జవాబూ రాదు.

మన్నిక సంగతికి వస్తే రాగికి ఏమీ కాలేదు. మూడు నెలల్లోనే పచ్చటి చిలుము పట్టింది గానీ ఎస్‌డబ్ల్యూఆర్ మారలేదు. ఇనుప బిగింపులు మాత్రం తొలి వానాకాలానికే తుప్పు పట్టి, ఒక బోల్టు విరిగిపోయింది. సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో స్టెయిన్‌లెస్ స్టీలు తప్ప మరొకటి వాడకూడదని, అమ్మేవారే ఆ మాట చెప్పి ఉండవలసిందని నా అభిప్రాయం. కనెక్టరుకు దుకాణంలో చుట్టినది మామూలు కరెంటు టేపు. అది ఎండకు జిగురు కారి విడిపోతే లోపలికి ఉప్పునీరు దిగి, అక్టోబర్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ 3 దాటింది. దానికదే అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టి, దాని మీద మళ్లీ ప్లాస్టిక్ టేపు చుట్టాక ఇప్పటిదాకా గొడవ లేదు. కాడ మొత్తం అడుగున కలిసి ఉంటుంది కనుక, స్తంభాన్ని భూమికి కలిపితే యాంటెనా కూడా ఎర్త్ అవుతుంది. వైశాఖంలో ఉరుములు మొదలయ్యే మన ఊరికి ఇది మేలు. అలాగని పిడుగును ఆపుతుందనుకోకూడదు, ఉరిమినప్పుడు కేబులు ఊడదీయవలసిందే.

అపార్టుమెంటులో ఉండేవారికి ఒక మాట. తూర్పు నౌకాదళానికి కేంద్రమైన ఊరు ఇది. మేడ మీద కొత్త కడ్డీ కనబడితే ప్రశ్నలు రావడం సహజం, వాటిని తప్పుపట్టను. మా అసోసియేషనువారు మొదట తీసేయమన్నారు. లైసెన్సు నకలు చూపించి, ఒక సాయంత్రం వారిని కూర్చోబెట్టి భీమిలి మాస్టారితో మాట్లాడించాక ఒప్పుకున్నారు. లైసెన్సు నకలు ఒకటి సెట్టు పక్కనే పెట్టుకోండి. లైసెన్సు ఇంకా రానివారు అది చేతికి వచ్చేదాకా ఆగాలి, అది లేకుండా ప్రసారం చేయడం నేరం.

దుకాణానికి బోర్డు లేదు. ఉదయం పదకొండు దాటాక తెరుస్తారు. వేసవిలో ఏసీల పని ముమ్మరంగా ఉంటుంది కనుక వారం పడుతుంది, మిగతా రోజుల్లో నాలుగు రోజులు చాలు. కేబులు, బిగింపులు వద్దని ముందే చెబితే 400 రూపాయలు తగ్గిస్తారు. 145.500కు కోయమని చెప్పండి, కనెక్టరు మీరే తీసుకువెళ్లండి, మీటరు మరవకండి.